నీరటోని వంతు

పోశెట్టి కాక పోయిన పదకొండో రోజున వాళ్ల ఇంటి ముందు షామియానా కింద బంతిలో కూర్చున్నాను. ఆయన పెద్దకొడుకు నా విస్తట్లో చేపల పులుసు వడ్డించాడు. పెద్ద పెద్ద ముక్కలు, నల్లగా నిగనిగలాడే తోలు, పొలుసు లేని చేప. చెయ్యి అడ్డం పెట్టేలోపే పడిపోయింది. "బాపుకు ఇష్టమైన జెల్ల, మీకు తెల్వనిదేమున్నది" అన్నాడు. నిజమే, నాకు తెలియనిదేమీ లేదు. ఆ వాసన ముక్కుకు తగలగానే విస్తరి పక్కకు జరిపి మంచినీళ్లు తాగి కూర్చున్నాను. అంతటితో వదిలితే బాగుండేది. "సౌదీల లడాయి నాడు మా బాపు చేపలు పట్టి క్యాంపు క్యాంపునంత సాదిండంట గద, జర మీరు జెప్పుండ్రి" అంటూ మైకు తెచ్చి చేతిలో పెట్టారు. నేను పత్రికలకు రాసేవాణ్ణి, నాలుగు మాటలు అందంగా అల్లడం నాకు ఏనాడూ కష్టం కాలేదు. చెప్పాను. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు, మగవాళ్లు తలలూపారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చి నెత్తిమీద రెండు బకెట్లు గుమ్మరించుకున్నా నా మీద నాకు పుట్టిన రోత పోలేదు. మైకులో చెప్పకుండా మింగేసిన భాగాన్ని ఇక్కడ రాస్తున్నాను.

నన్ను సౌదీకి తీసుకుపోయింది మా మేనమామ లచ్చయ్య, అమ్మకు చిన్న తమ్ముడు. ఇంటర్ తప్పి ఊళ్లో గాలికి తిరుగుతున్న నన్ను చూసి, నీళ్ల ట్యాంకర్ మీద హెల్పర్ పని అని అమ్మకు చెప్పి వీసా పంపాడు. అభా అనే పట్నం పక్కన కొండల్లో దిగాను. ఇసుక దిబ్బలు ఉంటాయనుకుని పోయినవాణ్ణి, పొద్దున్నే పొగమంచు, వణికించే చలి, రోడ్డు అంచున కోతుల గుంపులు చూసి మురిసిపోయాను. ఆ మురిపెం ఒక్క పూటే. ట్యాంకర్లో ఉన్నవి నీళ్లేగాని ఇళ్లలోంచి వచ్చిన మురుగునీళ్లు. అక్కడ చాలా ఇళ్లకు డ్రైనేజీ ఉండేది కాదు. ఇంటి ముందు భూమిలో ఒక గుంట ఉండేది, దాన్ని బయారా అంటారు. అది నిండితే మాకు కబురొచ్చేది. మామ బండి వెనక్కి ఆనించి పెట్టేవాడు. నేను ఇనుప మూత లేపి, తొడంత లావు గొట్టాన్ని లోపలికి దించి, పంపు నడిచినంతసేపూ రెండు చేతులతో పట్టుకుని నిలబడేవాణ్ణి. ఏదైనా అడ్డం పడితే మోచేతిదాకా దించి లాగాల్సింది నేనే. ఆ వాసన సంగతి వివరంగా రాయగలను గాని, చదివేవాళ్లు అన్నం తినే మనుషులు. ఒక్క మాట చెబుతాను. అది బట్టలను కొన్నాళ్లకు వదిలేది, వెంట్రుకలను మాత్రం వదిలేది కాదు, దిండు మీద తల పెడితే దిండులోంచి లేచి వచ్చేది.

మామది శుభ్రం పిచ్చి. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పని నుంచి రాగానే క్యాంపు వెనకున్న నల్లా కింద కూర్చుని, బట్టల సబ్బు పొడితో ఒకసారి, ఎర్ర సబ్బుతో రెండుసార్లు, పీచు పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దుకునేవాడు. గోళ్ల సందుల్లో అగ్గిపుల్ల పెట్టి గీకేవాడు. తర్వాత తలకు నూనె రాసి, పాపిట తీసి, ఉతికిన లుంగీ కట్టి తన ఇనుప పెట్టె తెరిచేవాడు. ఆ దేశంలో దేవుడి పటం గోడకు తగిలించే వీల్లేదు కాబట్టి వేములవాడ రాజన్న బొమ్మను పెట్టె మూతకు లోపలివైపు అతికించుకున్నాడు. దానికి దండం పెట్టి మూత వేసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఎనిమిది మంచాల ఆ రేకుల గదిలో ఎవరైనా తడి కాళ్లతో ఆయన చాప తొక్కితే ఇల్లు పీకి పందిరేసేవాడు. "మనిషన్నంక శుభ్రముండాలె అల్లుడా" అని రోజుకోసారి నాకు నీతి చెప్పేవాడు. నేను కూడా ఆయన్ను చూసే నాలుగుసార్లు సబ్బు రాసుకోవడం నేర్చుకున్నాను.

ఇంత శుభ్రమైన మనిషి చేసే పని వినండి. మురుగు పోయాల్సిన ప్లాంటు ఊరికి చాలా దూరం. అక్కడ ట్యాంకర్ల వరుసలో నిలబడితే ఒక్క లోడు దించడానికి సగం పొద్దు గడిచేది. మామ దానికో ఉపాయం కనిపెట్టాడు. తెల్లవారగానే మొదటి లోడును కొండ వెనక మట్టిదారిన తీసుకుపోయి, ఎండిన వాదిలో ఒక మలుపు దగ్గర వదిలేవాడు. వాది అంటే మన వాగులాంటిదే, వాన కొడితే తప్ప నీళ్లుండవు. వెనక వాల్వు తిప్పేది నేను. నల్లటి నీళ్లు రాళ్ల మధ్య బుసబుసమని పోయి ఇసుకలో ఇంకిపోయేవి. ఆ వాది కిందికి దిగి ఒక డ్యాం వెనక నిలిచిన నీళ్లలో కలుస్తుందని నాకు కొన్నాళ్ల తర్వాత తెలిసింది. మామను అడిగాను. "గంత పెద్ద నీళ్లల్ల ఇదెంతరా? సగం మన్నే పీల్చుకుంటది. నీకెందుకు ముచ్చట్లు, వాల్వు తిప్పు" అన్నాడు. నేను వాల్వు తిప్పాను, అలా నెలలపాటు రోజూ తిప్పాను.

ఆ ఏడు ఎండలు తగ్గకముందే ఇరాక్ సైన్యం కువైట్ మీద పడింది. మా కొండల మీద బాంబులేమీ పడలేదుగాని విమానాలు ఆకాశం చీలినట్టు తిరిగేవి. గ్యాసు వదులుతారని ఎవరో చెబితే కిటికీల సందులన్నింటికీ టేపు అంటించాం, దాంతో గదిలోని కంపు గదిలోనే మగ్గింది. అన్నిటికన్నా ముందు యుద్ధం మా కంచాల్లోకి వచ్చింది. మెస్సుకు కోళ్లు, మాంసం తెచ్చే లారీలు మిలిటరీ క్యాంపుల వైపు మళ్లాయట. మాకు మిగిలింది పప్పు, దానిలో ముంచుకోవడానికి ఎండిన ఖుబ్జ్ రొట్టె. పొద్దున అదే, రాత్రీ అదే. వారాలు గడిచేసరికి కాంక్రీటు మోసే మనుషులు చెంపలు పీక్కుపోయి మాటమాటకీ కొట్లాడుకునేవాళ్లు. అప్పుడు లేచాడు పోశెట్టి కాక.

కాక సెంట్రింగ్ పనికి వచ్చినవాడు. గోదావరి ఒడ్డున గంగపుత్రుల ఇంట పుట్టి, నడక రాకముందే వల పట్టినవాడు. ఇనుప చువ్వలు కడుతూ కూడా ముడులు వల ముడుల్లాగే వేసేవాడు. "గింత పెద్ద డ్యాం పక్కకు పెట్టుకొని పప్పు నాకుడేందిరా? నీళ్లున్నకాడ చేప లేకుంటదా?" అన్నాడు ఒక శుక్రవారం. సెలవు రోజు. ప్లంబు కట్టే నైలాన్ దారం, బజారులో కొన్న గాలాలు, బరువుకు నట్లు, బెండుకు పాత చెప్పు ముక్కలు పట్టుకుని ఐదారుగురం నడిచి పోయాం. తీరా చూస్తే ఆ నీళ్లు ఆయనకు అంతుపట్టలేదు. మన చెరువులో అయితే తూము దగ్గర ఏ చేప ఉంటుందో, నీళ్లు పొర్లే మత్తడి కింద ఏ చేప ఎదురెక్కుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇక్కడ కట్ట బదులు నిలువు గోడ, తూము బదులు నీళ్ల మధ్య సిమెంటు బురుజు, ఒడ్డున గడ్డి పోచ లేదు. రాయి మీద అడుగు జారితే రెండు నిలువుల లోతు. రెండు శుక్రవారాలు గోడ దగ్గరే కూర్చుని ఎర్రలు, రొట్టెపిండి అన్నీ మార్చి మార్చి చూశాడు. అరచేతిలో సగం కూడా లేని జిలేబి చేపలు నాలుగు పడ్డాయి. ఆయన ముఖం మాడిపోయింది.

మూడో శుక్రవారం గాలాలు పక్కన పడేసి ఒడ్డు వెంబడి నడక మొదలుపెట్టాడు. వాది వచ్చి కలిసే పైచివరకు పోయాడు. అక్కడ నీళ్లు చిక్కగా, పచ్చగా ఉన్నాయి, అడుగునుంచి బుడగలు లేస్తున్నాయి. కాక వంగి దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. చూసి నవ్వాడు. "ఇగో, ఈడున్నది మేత! ఎగువ ఎవలో మేకల మందలు కట్టేస్తున్నరు. మన చెర్ల పెంట కొట్టుకొచ్చిన ఏడాది జెల్లలెట్ల బలుస్తయి? గట్లనే" అన్నాడు. ఆయన ఊరి చెరువు ఆయనకు నేర్పిన చదువు అది, అక్కడ అది తప్పయ్యేది కూడా కాదు. బజారులో అడిగి తెచ్చిన కోడి పేగు గుచ్చి గాలం వేశాడో లేదో దారం బిగిసింది. జానెడు మీసాలతో, నల్లటి నున్నటి ఒంటితో, మోచెయ్యంత జెల్ల పైకి వచ్చింది. దాని వెనక మరొకటి, తర్వాత మరో రెండు. అందరూ ఎగిరి గంతులు వేశారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ చేపల పొట్టలు ఎట్లా నిండాయో ఆ ఒడ్డున నాకొక్కడికే తెలుసు.

అప్పుడే డ్యాం కాపలావాడు కర్ర పట్టుకుని అరుస్తూ వచ్చాడు. పేరు సాలిం, యెమెన్ మనిషి. ఎండకు ఎండి చువ్వలా ఉన్నాడు, గడ్డం సగం నెరిసింది. అక్కడ చేపలు పట్టకూడదని బోర్డు ఉంది, మేమెవరమూ చదవలేదు. మేం గాలాలు వెనక దాచుకున్నాం. పోశెట్టి కాక మాత్రం తొణకలేదు. పట్టిన వాటిలో అన్నిటికన్నా పెద్ద జెల్లను కడిగి, రెండు చేతుల మీద పెట్టుకుని, తలవంచి ఆయన ముందుకు చాచాడు. "అల్లుడా, చెప్పు ఆయనకు. నీళ్లు కాసేటోడు నీరటోడు. నీరటోని వంతు తీసినంకనే మన వంతు. మా ఊళ్ల కట్టుబాటని చెప్పు" అన్నాడు. లచ్చయ్య మామకు నేను అల్లుణ్ణి కాబట్టి క్యాంపు మొత్తానికీ అల్లుణ్ణే. బయారాల దగ్గర ఇళ్లవాళ్లతో మాట్లాడి మాట్లాడి నాకు అరబ్బీ అబ్బింది. చెప్పాను. సాలిం కర్ర దించాడు. చేపను చూసి, కాకను చూసి పెద్దగా నవ్వాడు. "ఇన్నేళ్లుగా ఈ నీళ్లకు కాపలా ఉన్నాను, నీళ్లలో నాకు వంతు ఉందని ఇవాళే తెలిసింది" అన్నాడు. చేపను రెండు చేతులతో అందుకున్నాడు, మాకందరికీ టీ కాచి పోశాడు.

అది ప్రతి శుక్రవారం పద్ధతిగా మారింది. మొదటి పెద్ద చేప సాలింది. ఇవ్వడమే కాదు, కాక స్వయంగా ఆయన గది ముందున్న మెట్టు మీద కూర్చుని దాన్ని కోసి, పేగులు తీసి, ఉప్పు పసుపు రుద్ది గిన్నెలో పెట్టి ఇచ్చేవాడు. పేగులు మెట్టు కింద నీళ్లలో పడేవి. మిగతావి అక్కడే రాళ్ల పొయ్యి మీద పులుసు పెట్టుకుని, కొన్ని క్యాంపుకు మోసుకుపోయేవాళ్లం. చింతపండు, ఎండుమిర్చి వాసనకు పక్క గదుల మలయాళీలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. నాకు చేప పడదు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయని చెప్పి నేను పప్పే తిన్నాను. మామ తిన్నాడు! నాకు అసలైన రోత అక్కడ పుట్టింది. మూడుసార్లు సబ్బు రుద్దుకుని, పెట్టెలో దేవుడికి దండం పెట్టి, ఆ జెల్ల తలకాయ విరిచి జుర్రుకుంటూ "కొవ్వు జూసినవా" అన్నాడు. ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "నీళ్లల్ల కలిసినంక ఇంకేముంటదిరా. నువ్వు ఎక్కువ ఆలోచిస్తవు, గదే నీ రోగం" అన్నాడు. ఆయన నిజంగా నమ్మాడో, నమ్మినట్టు ఉండటం అలవాటు చేసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకున్నాయి. మెస్సు పప్పును తిట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే యెమెన్ వాళ్లకు కొత్త రూలు వచ్చింది. అంతవరకూ వాళ్లకు మాలాగా కఫీల్ అక్కర్లేదు, పుట్టినింట్లో తిరిగినట్టు తిరిగేవాళ్లు. యుద్ధంలో వాళ్ల దేశం సౌదీ పక్షాన నిలబడలేదన్న కోపంతో, గడువులోగా పూచీపడే సౌదీ కఫీల్‌ను చూపించండి, లేకపోతే దేశం వదలండి అన్నారు. దక్షిణం రోడ్డు మీద పికప్పులు బారులు కట్టాయి. మంచాలు, ఫ్రిజ్జులు, కోళ్ల గంపలు, వాటి పైన ముసలమ్మలు. సాలింకు ఒక్క ఆశ ఉండేది. డ్యాంలను చూసుకునే ఆఫీసులో పెద్దాయన, మేం ముదీర్ అనేవాళ్లం, తన పేరు మీద ఉంచుకుంటానన్నాడట. "ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదన్నాడు. ఇన్నేళ్లలో ఎవరూ నామీద ఫిర్యాదు చెయ్యలేదు" అన్నాడు మాకు టీ పోస్తూ. సరిహద్దు అవతల కొండల్లో ఆయన భార్య, పిల్లలు, చెల్లెలి పిల్లలు అందరూ ఈ ఒక్కడి జీతం మీద బతికేవాళ్లు. కాక ఆ మాట నాతో తెలుగులో చెప్పించుకుని, "ఏం గాదు, గంగమ్మ జూస్తది అని చెప్పు" అన్నాడు.

గడువు దగ్గర పడుతుండగా కొండల్లో ఒక గట్టి వాన కొట్టింది. వాది పొంగి, మేం నెలల తరబడి పోసిందంతా కడుక్కుని వచ్చి నీళ్లలో కలిపింది. కింది ఊళ్లో బావుల నీళ్లు కంపు కొట్టాయి, గొర్రెలు కొన్ని చచ్చాయి. తర్వాతి శుక్రవారం మేం ఒడ్డున ఉండగానే ముదీర్ ఇద్దరు మనుషులతో జీపులో దిగాడు. ఆ రోజు మామ కూడా మాతో వచ్చి పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నాడు. ముదీర్ మా గాలాలనూ పొయ్యినీ పట్టించుకోకుండా నేరుగా సాలింను అడిగాడు: "ఈ నీళ్లలోకి మురుగు ఎక్కణ్ణుంచి వస్తోంది? ట్యాంకర్ ఏమన్నా చూశావా?" సాలిం నేల చూస్తూ, "నేను చూడలేదు" అన్నాడు. ఆయన గదికీ, మేం బండి ఆపే మలుపుకూ మధ్య కొండ భుజం అడ్డం ఉంది కాబట్టి నిజంగానే చూసి ఉండడని నేను ధైర్యంగా ఉన్నాను. ముదీర్ మా వైపు తిరిగాడు. అరబ్బీ ఎవరికొచ్చు అన్నాడు. అందరూ నన్ను చూశారు.

నేను ప్రశ్నను కాకకు తెలుగులో చెప్పాను. కాక అమాయకంగా, "ఈడికి ట్యాంకరెందుకొస్తది? ఎగువ మేకల పెంట. నేను మొదటి నాడే జెప్పలే? గదే చెప్పు" అన్నాడు. పొయ్యి దగ్గర్నుంచి మామ తలెత్తకుండా, "అల్లుడా, నోరు జాగ్రత్త. నన్ను జైల్ల ఏస్తరు, నిన్నూ ఏస్తరు. అక్కకు నేనేం జెప్పాలె?" అన్నాడు. కాక చెప్పిన మేకల మాట చెప్పి ఊరుకున్నా సరిపోయేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదేమో. నాకు అది చాలదనిపించింది. మేకల కోసం ఎగువకు పోయి చూస్తారు, మలుపులో మా బండి టైర్ల గుర్తులు చూస్తారు అని నా బుర్ర చకచకా పనిచేసింది. మెట్టు కింద ఈగలు ముసిరిన చేప పేగులు కనిపించాయి. అటు వేలు చూపించాను. "ఈ కాపలావాడు చేపల పేగులూ చెత్తా అంతా నీళ్లలోనే పడేస్తాడు. మేం ఎప్పటినుంచో చూస్తున్నాం" అన్నాను. వ్యాకరణంలో తప్పు లేకుండా అన్నాను. ముదీర్ ముక్కు మూసుకుని మెట్టు దాకా పోయి చూశాడు. పేగులకు ఊరి బావులు చెడవని ఆయనకూ తెలిసే ఉండాలి. ఆయనకు పైవాళ్లకు చెప్పడానికి ఒక పేరు కావాలి, అది దొరికింది. సాలిం నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు. నేనేం చెప్పానని కాక అడిగితే, "మేకలనే చెప్పిన" అన్నాను.

ఆ తర్వాత మా బతుకు ఎట్లా సాగిందో ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెబితే నేనేదో శిక్ష అనుభవించానని అనుకుంటారు. నాకు ఏ శిక్షా పడలేదు. మామ కొన్నాళ్లు భయపడి ప్లాంటుకు పోయాడు, యుద్ధం ముగిశాక మరో వాది వెతుక్కున్నాడు. నేను ఇంకా చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను, సొంతంగా బండి నడిపాను, ఇల్లు కట్టాను, వచ్చాక కథనాలు రాసి పేరు కూడా తెచ్చుకున్నాను. మొన్నామధ్య అభాలో పనిచేసే మా తమ్ముడి కొడుకు ఆ డ్యాం దగ్గర నిలబడి ఫోన్లో వీడియో పంపాడు. "పెద్దనాన్నా, మీరు చెప్పే చేపల చోటు ఇదే" అన్నాడు. ఒడ్డున పచ్చిక, రంగుల దీపాలు, పిల్లల బళ్లు, ఐస్‌క్రీం అమ్మేవాళ్లు. ఊరందరికీ భూమి లోపల గొట్టాలు వేశారట, బయారాలు చాలావరకు పోయాయట. కాపలా గది ఉన్న చోట కాఫీ దుకాణం ఉంది. అంతా కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం చూసి నాకు సంతోషం కలగాల్సింది, వెలపరం పుట్టింది. మేం చేసింది ఒక్కడికీ తెలియకుండా ఇంత అందంగా పూడిపోయిందే అనిపించింది.

సాలిం కాగితం మీద ముదీర్ సంతకం పడలేదు. ఆయన వెళ్లే రోజు మమ్మల్ని బలవంతంగా లేవదీసి తీసుకుపోయింది కాకే. "మన నీరటోడు పోతుంటే చేతులు గట్టుకొని కూసుంటమా?" అన్నాడు. పికప్పులో సామాను సర్దుతున్నాం. కాక ఎటో ఒడ్డు వైపు పోయాడు. డాబా మీద ఇనుప మంచం ఉంది, దించమని సాలిం నన్నే పంపాడు. నిచ్చెనెక్కి పైకి పోయాను. మంచం తలవైపు నిలబడి వంగబోతూ ఊరికే ఎదురుగా చూశాను. కింద అడ్డం వచ్చే కొండ భుజం అక్కణ్ణుంచి అడ్డం రావడం లేదు. దాని మీదుగా వాది మలుపు, మా మట్టిదారి, మా బండి వెనక్కి తిరగడానికి తొక్కిన తెల్లటి చదును, అన్నీ ఇంటి వాకిలి కనిపించినట్టు కనిపిస్తున్నాయి.

సాలిం నా వెనకే పైకి వచ్చాడు. నేను ఎటు చూస్తున్నానో చూశాడు.

"పొద్దుటి నమాజుకు లేచేది ఇక్కడే" అన్నాడు.

"రోజూ చూశావా?"

"రోజూ."

"మరి ముదీర్‌కు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ మామ జైలుకు పోతాడు. నాకు వంతు పెట్టినవాళ్ల పేరు చెప్పి నేనిక్కడ నిలవాలా?" పరుపు చుట్టి తాడు బిగించాడు. "మీ చేపలు నేను ఒక్కటీ తినలేదు. మీరు పోయాక గుంట తీసి పాతేవాణ్ణి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేవాణ్ణి. నువ్వూ తినలేదు కదా. నేను గమనించాను."

ఆయన గొంతులో కోపం ఉంటే కాళ్ల మీద పడి ఏడ్చేవాణ్ణేమో. కోపం లేదు. ఎదుటివాడి మీదికి ఏదో ఒకటి నెట్టాలనిపించి, సిగ్గు లేకుండా అడిగాను: "మరి మిగతావాళ్లు తింటుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావు కదా?"

"నాకు వాళ్ల భాష రాదు" అన్నాడు సాలిం. "నీకు వచ్చు."

మంచానికి చెరో వైపు పట్టుకుని దించాం. నిచ్చెన దిగుతూ మళ్లీ ఆయనే అన్నాడు: "ఆ పెద్దాయనకు మాత్రం చెప్పకు. నేను తిన్నాననే అనుకోనీ." నేను తల ఊపాను. క్షమించమని ఒక్క మాట, అంత అరబ్బీ వచ్చిన నాకు, నోట్లోంచి రాలేదు.

కింద పోశెట్టి కాక మోకాళ్లదాకా తడిసి నిలబడి ఉన్నాడు. చేతుల్లో అప్పుడే పట్టిన జెల్ల, మేం అక్కడ పట్టిన వాటన్నిటికన్నా పెద్దది, తడి గోనెపట్టాలో చుట్టి ఉంది. "తొవ్వల ఆకలైతది, వండుకొమ్మని చెప్పు. ఆయన వంతు ఆయనకియ్యకుండ ఎట్ల పంపుతం?" అన్నాడు. నేను చెప్పకముందే సాలిం రెండు చేతులూ చాచి దాన్ని అందుకున్నాడు. తల వంచి గుండెకు ఆనించుకున్నాడు, చొక్కా తడిసింది. వెనక సామానులో బోలెడు చోటుంది. అక్కడ పెట్టలేదు. ముందు సీట్లో కూర్చుని, మేం చూస్తున్నామని, పికప్పు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు.